దూడ మీది దుప్పటి

ఇతెన్‌లో పరిగెత్తని వాళ్లను
వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.
నలభై మూడేళ్లు ఆ వేళ్లలో ఒకటి నాది.
తపాలా ఆఫీసు కిటికీ వెనక కూర్చుని
ఊరి కుర్రాళ్లకు పైదేశాల నుంచి వచ్చే కవర్ల మీద
ముద్ర కొట్టీ కొట్టీ
మోకాళ్లకు తుప్పు పట్టింది.

మొదటి రోజు చీకటితోనే బయల్దేరాను,
ఎవరూ చూడకూడదని.
చీకట్లోనే ఉన్నారు అందరూ.
ఎర్రమట్టి దారిలో మందలు మందలుగా
ఊపిరే తప్ప మాట లేకుండా
వాగు రాయిని దాటినట్టు నన్ను దాటిపోయారు.
రెండు కరెంటు స్తంభాలు పరిగెత్తాను.
మూడోదాన్ని కౌగిలించుకున్నాను.

మా కిబివోత్ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.
"మెల్లగా అమ్మా" అన్నాడు,
చూలు ఆవును గట్టు దాటించే గొంతుతో.

ఆదివారం ప్రార్థన అయ్యాక
తప్‌కిగెన్ ఇంటికెళ్లాను.

నా తొమ్మిదో ఏట
బ్యాటరీలను ఎండలో ఆరబెట్టి, పళ్లతో నొక్కి,
చివరి చుక్క కరెంటు పిండి
మా నాన్న ఆమె పరుగు వినిపించాడు.
ఎక్కడో వాన కురిసే మహానగరంలో
మన లోయ పిల్ల ముందుందని ఒక గొంతు అరుస్తుంటే
సరిగ్గా ఆఖరి మలుపులో
రేడియో ప్రాణం విడిచింది.
గెలిచిందని మర్నాడు పాల లారీ అతను చెప్పాడు.
ఆ మలుపు తర్వాత ఏం జరిగిందో
ఆమె నోటితో వినాలని
ముప్పై నాలుగేళ్లు దాచుకున్నాను.

"ఏ మలుపు?" అంది తప్‌కిగెన్,
పొదుగు కడుగుతూ, తలెత్తకుండా.
"బూట్లు ఎరువు తెచ్చినవి. సైజు పెద్దవి.
ముందర మొక్కజొన్న పొట్టు కుక్కాను.
తడిసి ఉబ్బింది. అంతే గుర్తు."

కప్పు ఏదని అడిగాను.
ఎవరింటి పెళ్లికో తీసుకెళ్లారట, తిరిగి రాలేదట.
కొట్టంలో వణికే దూడ మీద
బూడిదరంగు ఉన్ని దుప్పటి సర్దుతూ అంది:
"ఇది మరుసటేడుది.
అదే ఊరు. ముప్పై ఎనిమిదో కిలోమీటరు దగ్గర
రోడ్డంచున కూలబడ్డాను.
ఎవరు కప్పారో మొహం చూడలేదు.
మంచి ఉన్ని. ఇంకా చిరగలేదు."

లేచి వస్తుంటే వెనక నుంచి ఒక్క మాట వేసింది:
"పక్కింటామెతో పోట్లాడగలిగినంత వేగం చాలు.
తిట్టు తడబడితే తగ్గించు."

ఆ వారం పోస్టుమాస్టర్ని తిట్టుకుంటూ ఆరు కిలోమీటర్లు.
నెల తిరిగేసరికి
పోయిన మా ఆయనతో పాత లెక్కలన్నీ తేల్చుకుంటూ
పద్నాలుగు.
ఉగాలీ రెండు ముద్దలు ఎక్కువ తింటున్నాను.
బొటనవేలి గోరు నల్లబడి ఊడింది;
కవర్లో పెట్టి ముద్ర కొట్టి
ఎవరికైనా పంపాలనిపించింది.

రోజూ మతాటు ఆపి "ఎక్కుతావా?" అనేవాడు డ్రైవర్ చెరోన్.
రోజూ తల అడ్డంగా ఊపేదాన్ని.
ఎప్పటి నుంచో తెలీదు,
అడగడం మానేశాడు.

నిన్న ముప్పై రెండు పరిగెత్తాలి.
ఇరవై ఎనిమిది దగ్గర కల్వర్టు రాయి మీద కూర్చున్నాను.
కాళ్లు నావి కావు, ఎరువు తెచ్చినవి.
లోయలోంచి చలిగాలి.
దుప్పటి తెచ్చేవాళ్లు ఎవరూ లేరు.
మతాటు వచ్చింది.
దేవుడా, ఈ ఒక్కసారి అడగనీ అనుకున్నాను.
సీటు ఖాళీ కూడా కనిపించింది.
చెరోన్ చెయ్యూపి, హారన్ కొట్టి,
ఇంత దుమ్ము నా మొహాన చల్లి వెళ్లిపోయాడు.

అప్పుడు లేచాను.
వాడి బండిని, వాడి టైర్లను,
వాడికి లైసెన్సు ఇచ్చిన ఆఫీసును,
పేరు పేరునా అందుకున్నాను.
నడుస్తూ మొదలుపెట్టాను.
ఎక్కడ నడక ఆగిందో గమనించలేదు.
నాలుగు కిలోమీటర్లు,
ఎదురుగాలి, ఎత్తు—
ఒక్క తిట్టూ తడబడలేదు.